రెడీమేడ్ కుర్తీ సైజు సరిచూసుకోవడం ఎలా?

ఒక బ్రాండులో ‘ఎం’ సరిపోయినవారికి మరో బ్రాండులో ‘ఎల్’ కూడా బిగుతుగా ఉండడానికి కారణం, ఏ అక్షరానికి ఎన్ని అంగుళాలన్నది ప్రతి సంస్థ తన కొనుగోలుదారులను ఊహించుకొని తానే నిర్ణయించుకోవడం. భారతీయుల శరీర కొలతల ఆధారంగా ప్రామాణిక పట్టిక రూపొందించేందుకు జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ‘ఇండియాసైజ్’ సర్వే చేపట్టింది గాని, దుకాణాల్లో మాత్రం ఎవరి లెక్క వారిదే.

కాబట్టి మీకు చక్కగా నప్పే పాత కుర్తీనే ఆధారం చేసుకోండి. దానిని ముడతలు లేకుండా బల్లపై పరిచి, చంక కుట్టుకు అంగుళం కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు టేపు పెట్టండి. 19 అంగుళాలు వస్తే, ఆ కుర్తీ ఛాతీ చుట్టుకొలత 38 అన్నమాట. ఆన్‌లైన్ పట్టికలు చూసేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే: కొన్ని సంస్థలు దుస్తుల కొలత ఇస్తాయి, కొన్ని ఒంటి కొలత ఇస్తాయి. ఒంటి కొలత 36 అని రాసి ఉన్న కుర్తీ, వదులు కలుపుకొని 38 నుంచి 40 వరకు ఉండవచ్చు. ఏ కొలతో చెప్పని పట్టికను నమ్మకపోవడమే మేలు.

భుజాల కొలతను తప్పనిసరిగా సరిచూడండి; నడుము వదులైతే దర్జీ పక్క కుట్టుతో సరిచేయగలడు గాని, జారిన భుజాన్ని సరిచేయాలంటే చేతులు విప్పి మళ్లీ కుట్టాల్సిందే. నూలు బట్ట ఉతికాక కాస్త కుదించుకుపోతుంది కనుక, పొడవు అంగుళం ఎక్కువగా ఉన్నది ఎంచుకోండి.