తుపానుకి కరెంటు పోయినప్పుడు ఆదుకున్న ఇంటికి ఏం పట్టుకెళ్ళాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చలి మొదలయ్యే రోజులే తుపాన్ల రోజులు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక స్తంభాలు కూలి చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఇన్వర్టరు ఉన్న చుట్టాలింట్లోనో, ముందుగా కరెంటు వచ్చిన వీధిలో తెలిసినవాళ్ళింట్లోనో తలదాచుకుంటాం. తర్వాత ఏదైనా ఇవ్వాలని మనసు పీకుతుంది. డబ్బు చేతిలో పెడితే నొచ్చుకుంటారు. ఖరీదైన చీర పెడితే వాళ్ళు తిరిగి పెట్టాల్సిన బాకీ అవుతుంది. రెండు మూడు వందలు దాటకుండా, మనవల్ల ఆ ఇంట్లో ఖర్చైపోయినదాన్ని నింపేలా ఇవ్వడమే మేలు.

ఆ లెక్కన ఇన్వర్టరు ఉన్న ఇంటికి డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యానుని మించింది లేదు. బ్యాటరీ బాగా దిగిపోయి మళ్ళీ ఎక్కుతున్నప్పుడు లోపలి నీళ్ళు తగ్గుతాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. కొనేముందు ఏ రకం బ్యాటరీయో అడగండి: మూతల మీద నీటిమట్టం చూపించే ఫ్లోట్లుంటే నీళ్ళు పనికొస్తాయి, పూర్తిగా మూసేసిన బ్యాటరీకీ లిథియం దానికీ అక్కర్లేదు. క్యాను ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి. బ్యాటరీ నిండుగా చార్జయ్యాకే గుర్తు వరకు పొయ్యాలి, ముందే నింపేస్తే చార్జయ్యేటప్పుడు మట్టం పెరిగి యాసిడ్ బయటికి పొంగుతుంది. కుళాయి నీళ్ళు, ఆర్వో నీళ్ళు వద్దు, వాటిలో ఉప్పులు ప్లేట్లని పాడుచేస్తాయి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు.

ఇన్వర్టరు లేని ఇల్లయితే బ్యాటరీ ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఒకటి ఇవ్వొచ్చు. కరెంటు ఉన్నప్పుడు హోల్డర్లోనే చార్జయి, పోగానే అదే వెలుగుతుంది. స్విచ్చి ఆపేసి ఉంచితే మాత్రం చార్జవదు. చాలామంది బల్బు చెడిపోయిందనుకునేది ఇక్కడే. కొవ్వొత్తులు, టార్చి సెల్లులు మీకోసం వాడి ఉంటే అవే సైజువి, అన్నే కొని పెట్టండి.

వాళ్ళ గిన్నెలు, కారియర్లు మీ ఇంట్లో ఉండిపోతే ఖాళీగా తిరిగివ్వకండి. చలిరోజులు గనక చిమ్మిలి పెట్టి ఇవ్వండి. నువ్వులు పావు కిలో, బెల్లం 200 గ్రాములు, ఏలకులు మూడు. నువ్వుల్ని మందపాటి మూకుట్లో సన్నసెగ మీద, చిటపటలాడి వాసనొచ్చేదాకా కలుపుతూ వేపాలి. రంగు బాగా మారేదాకా ఆగితే చేదొస్తుంది. పళ్ళెంలో పోసి పూర్తిగా చల్లారనివ్వండి. రోట్లో దంచితే రుచే వేరు. మిక్సీ అయితే ఆపి ఆపి, ఒక్కోసారి రెండు సెకన్లు మించకుండా తిప్పండి. నువ్వులు పలుకుగా నలిగాక తురిమిన బెల్లం, ఏలకుల పొడి వేసి ఇంకో రెండుసార్లు తిప్పితే చాలు. ఆగకుండా తిప్పితే నూనె వదిలేసి ముద్దైపోతుంది, ఉండ చేతికి జిడ్డుగా అంటుకుంటుంది. అలా అయితే వేయించిన పల్లీల పొడి రెండు చెంచాలు కలిపితే సర్దుకుంటుంది. ఉండ విరిగిపోతుంటే మాత్రం కరిగించిన నెయ్యి ఒక చెంచా వెయ్యండి. చిన్న నిమ్మకాయంత చేస్తే ఇరవై దాకా వస్తాయి. వేడిమీద డబ్బాలో పెడితే మూతకి చెమ్మ పట్టి త్వరగా పాడవుతాయి. పట్టింపున్న ఇళ్ళకి పచ్చి నువ్వులు తీసుకెళ్ళకండి, చిమ్మిలైనా శనివారం మానుకోండి.

చేసే తీరిక లేకపోతే పలాస జీడిపప్పు పావు కిలో. కొట్లో 240, 320 అని నంబర్లుంటాయి. అవి ఒక పౌను (సుమారు 450 గ్రాములు) బరువుకి దాదాపు ఎన్ని గుళ్ళు తూగుతాయో చెప్పేవి, నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. బద్దలు ఇంకా చవక, రుచిలో తేడా ఉండదు. పాయసానికీ ఉప్మాకీ ఎలాగూ విరుస్తారు కాబట్టి మనం కొనాల్సినవి అవే. ఒకటి కొరికి చూడండి: కరకరలాడాలి, మెత్తగా సాగితే చెమ్మ తగిలినట్టే.

పొందూరు ఖద్దరు చేతిరుమాలో తువ్వాలో ఇంటి పెద్దాయనకి బాగుంటుంది. పంచెల ధర జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇచ్చేటప్పుడు లెక్క అప్పజెప్పినట్టు మాట్లాడొద్దు. "ఇవన్నీ ఎందుకే?" అని వదిన అంటే, "పిల్లలకి తెచ్చాను వదినా" అంటే సరిపోతుంది. రెండిళ్ళలోనూ కరెంటు నిలకడగా వచ్చాక, సాయంత్రం నాలుగింటికి టీ వేళకి వెళ్ళండి. భోజనాల వేళకి వెళ్తే మళ్ళీ మనకోసమే పొయ్యి వెలిగించాల్సి వస్తుంది.