కొత్త పాము తెచ్చే ముందు

నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఈ సూచనలు బాల్ పైథాన్ లాంటి, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదైన విదేశీ పాముల గురించే.

కొత్తదాన్ని 90 రోజులు వేరే గదిలో ఉంచండి. అడుగున తెల్లకాగితం పరిస్తే నల్ల చుక్కల్లాంటి పేలు ఇట్టే కనబడతాయి. నీళ్లగిన్నె అడుగూ చూడండి, మునిగి చచ్చిన పేలు అక్కడే కనబడతాయి. పాత పాముల పని అయ్యాకే దీని దగ్గరికి వెళ్లాలి. పామును ఎత్తే కొక్కెం, గిన్నె దేనివి దానికే.

పెట్టెను ముందు సబ్బుతో కడగాలి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు, పది నిమిషాలు. విజయనగరం వానాకాలపు చెమ్మలో పెట్టె ఓ పట్టాన ఆరదు. వాసన పోయేదాకా ఆగండి.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నురగ కారుతున్నా ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి.