పెర్త్ నుంచి అడిలైడ్‌కు కారులో వెళ్తున్నారా? సెడూనాలో మజిలీ ఇలా వేసుకోండి

పెర్త్ నుంచి అడిలైడ్‌కు రోడ్డు మీద దాదాపు 2,700 కిలోమీటర్లు. విమానంలో మూడు గంటల్లో తేలిపోయే ప్రయాణానికి కారు తీశామంటే, అది నల్లబోర్ మైదానం చూద్దామనే. పేరు వింటే మనకు నల్లరేగడి గుర్తొస్తుంది గానీ అది లాటిన్ నుంచి వచ్చిన మాట, 'చెట్టు లేదు' అని అర్థం. పడమటి నుంచి వచ్చేవాళ్లకు ఆ మైదానం దాటాక సూపర్ మార్కెట్, ఆసుపత్రి, మెకానిక్ అన్నీ ఉన్న మొదటి ఊరు సెడూనా. సముద్రం ఒడ్డునే ఉంటుంది. స్థానిక ఆదివాసుల భాషలో ఆ పేరుకు కూర్చుని సేదతీరే చోటు అని అర్థం చెబుతారు. చాలామంది పెట్రోలు కొట్టించుకుని వెళ్లిపోతారు. నా మాట వింటే రెండు రాత్రులు ఉండండి.

ముందు కూరగాయల సంగతి తేల్చుకోండి

ఈ ప్రయాణంలో మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పడమటి నుంచి వచ్చే ప్రతి బండినీ సెడూనా చెక్‌పోస్టులో ఆపి, పండ్లూ కూరగాయలూ ఉన్నాయేమో వెతుకుతారు. రాత్రీ పగలూ మనుషులుంటారు. కారణం పండు ఈగ. మన మామిడి రైతులను ఏడిపించే ఈగకు ఇది చుట్టం. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎప్పుడో పాతుకుపోయింది, దక్షిణ ఆస్ట్రేలియా దాన్ని రానివ్వకుండా పోరాడుతోంది.

మొదటిసారి వెళ్లినప్పుడు మా ఐస్‌బాక్స్ అడుగున అరకిలో పచ్చిమిర్చి, నాలుగు టమాటాలు ఉన్న సంగతే మర్చిపోయాం. అధికారి మర్యాదగానే అడిగాడు, మర్యాదగానే తీసి డబ్బాలో పడేశాడు. దాచినట్టు తేలితే జరిమానా కూడా పడుతుంది. అందుకే ముందురోజు రాత్రి రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గరున్న యూక్లాలోనో బోర్డర్ విలేజ్‌లోనో ఆగినప్పుడు ఉన్న కూరగాయలన్నీ వండేయండి. వండిన కూర, పులిహోర, ఆవకాయ, కందిపొడి లాంటివాటితో ఇబ్బంది లేదు. కరివేపాకు రెమ్మ ఉన్నా మీరే చూపించి అడగండి, టెన్షన్ ఉండదు.

తిరుగు ప్రయాణంలో తనిఖీ సెడూనాలో ఉండదు, 480 కిలోమీటర్ల అవతల బోర్డర్ విలేజ్‌లో ఉంటుంది. అక్కడ తేనె కూడా తీసేసుకుంటారు. కాబట్టి సెడూనాలో పండ్లూ కూరగాయలూ చవగ్గా ఉన్నాయని సంచి నింపుకోవద్దు.

గడియారం చూసుకోండి

సరిహద్దు దాటి తూర్పుకు వస్తే గంటన్నర పోతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదలు దాకా అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి రెండున్నర గంటలు పోతుంది. పెర్త్ లెక్కలో సాయంత్రం ఆరున్నరకు చేరాం అనుకుంటే అక్కడ రాత్రి తొమ్మిది. అప్పటికి వంటగది కట్టేసి ఉంటుంది, రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు. గది బుక్ చేసేటప్పుడే ఎన్నింటికి మూస్తారో, ఆలస్యమైతే తాళం ఎక్కడ పెడతారో అడగండి. పిల్లలతో వెళ్లేవాళ్లకు మోటెల్ కంటే క్యారవాన్ పార్కులో క్యాబిన్ మేలు. పొయ్యి ఉంటుంది, అన్నం వండుకోవచ్చు.

సెడూనా చేరే రోజు దారి

తెల్లారి సరిహద్దు దగ్గర బయల్దేరితే చీకటి పడకముందే సెడూనా చేరాలి. సందెవేళ కంగారూలు రోడ్డు మీదకొస్తాయి, గుద్దితే బండి అక్కడే ఆగిపోతుంది. పెట్రోలూ తిండీ దొరికే రోడ్‌హౌస్‌ల మధ్య దూరం 200 కిలోమీటర్లకు మించదు గానీ, ట్యాంకు సగమైనప్పుడల్లా నింపండి. మంచినీళ్లు సొంతంగా తెచ్చుకోండి, దారిలో ఊరికే దొరకవు. ఫోన్ సిగ్నల్ కూడా రోడ్‌హౌస్ దాటితే పోతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే మాత్రం సెడూనాకు 300 కిలోమీటర్ల ముందు, హెడ్ ఆఫ్ బైట్ దగ్గర రెండు గంటలు కేటాయించండి. తిమింగిలాలు పిల్లలను కనడానికి ఆ తీరానికి వస్తాయి. టికెట్ కొని చెక్క దారి మీద నడిచి కిందికి చూస్తే తల్లీ పిల్లా నీళ్లలో పక్కపక్కనే తేలుతుంటాయి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి, లేకపోయినా కనిపిస్తాయి.

ఊళ్లో ఏం చేయాలి?

మొదటి సాయంత్రం ఏమీ చేయకండి. స్నానం చేసి జెట్టీ మీదకు నడవండి. ఊళ్లోవాళ్లు బకెట్లు పక్కన పెట్టుకుని స్క్విడ్ అనే సముద్రజీవి కోసం గేలాలు వేస్తుంటారు. పైకి లాగిన క్షణంలో అది నల్లసిరా చిమ్ముతుంది, పక్కన నిలబడి చూసేవాళ్ల చొక్కా మీద కూడా. జెట్టీ చెక్కలనిండా ఆ మరకలే. మీకూ సరదా ఉంటే, దక్షిణ ఆస్ట్రేలియాలో సరదాగా గేలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎంత సైజువి, ఎన్ని పట్టొచ్చు అన్న నియమాలు మాత్రం చూసుకోండి.

ఆల్చిప్పలు ఇక్కడి పంట. చుట్టుపక్కల డినైయల్ బే, స్మోకీ బేలలో పెంచుతారు. నిమ్మరసం పిండుకుని పచ్చిగానే మింగేస్తారు. నాకు మొదటిది గొంతులోనే ఆగింది, రెండోదానికి రుచి తెలిసింది. పచ్చివి వద్దనుకుంటే కిల్‌పాట్రిక్ అని కాల్చినవి అడగండి. వాటి మీద బేకన్ వేస్తారు, పంది మాంసం తిననివాళ్లు ముందే చెప్పాలి.

రెండోరోజు వెనక్కి పడమటికి 73 కిలోమీటర్లు పెనాంగ్ వెళ్లండి. అక్కడ పాత గాలిమరలన్నీ ఒకచోట పెట్టిన మ్యూజియం ఉంది. దాన్ని పావుగంటలో చూసేయొచ్చు. అసలు వెళ్లాల్సింది ఇంకాస్త దక్షిణంగా ఉన్న మెక్‌డొనెల్ సరస్సుకు. మట్టిరోడ్డుకు ఒక పక్క నీళ్లు గులాబీ రంగులో, మరో పక్క ఆకుపచ్చ నీలంగా ఉంటాయి. ఉప్పునీటిలో పెరిగే సూక్ష్మజీవుల వల్ల ఆ రంగు. మబ్బు పట్టిన రోజు రంగు తేలదు, కాబట్టి ఎండ ఉంటేనే బయల్దేరండి. అద్దె కారైతే మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్సు వర్తిస్తుందో లేదో కాగితాల్లో చూసుకోండి. వచ్చేటప్పుడు చెక్‌పోస్టు మళ్లీ దాటాలి, ఆ పూట కారులో పళ్లు పెట్టుకోవద్దు.

మూడోరోజు పొద్దున్నే ట్యాంకు నింపుకుని కదలండి. అడిలైడ్ ఇంకా 780 కిలోమీటర్లు. ఒక్కరే డ్రైవరైతే 470 దగ్గర పోర్ట్ ఆగస్టాలో పడుకోండి. దారిలో కింబా దగ్గర పెద్ద గులాబీరంగు గలా పిట్ట బొమ్మ ఉంటుంది. టీకి అక్కడ ఆగొచ్చు.