టమాటాలో చక్కెర రవాణా జన్యువులు: గుర్తించడం, కొలవడం, తేల్చుకోవడం

ఆకులో తయారైన చక్కెర పండుకు చేరేలోపు చాలా గడపలు దాటాలి. ఆకు కణం నుంచి సుక్రోజ్ బయటికి రావాలి, ఫ్లోయమ్‌లోకి (చక్కెరను మోసే నాళాల్లోకి) ఎక్కాలి, కాయ దగ్గర దిగాలి, చివరికి కణంలోని రిక్తికలో (వాక్యూల్ అనే ద్రవం నిండిన సంచిలో) నిలవ ఉండాలి. బయటికి వదిలే పని ఎక్కువగా స్వీట్ (SWEET) అనే రవాణా ప్రోటీన్లది. ప్రోటాన్ బలంతో సుక్రోజ్‌ను ఫ్లోయమ్‌లోకి లాగేది ఎస్‌యూటీ1 అనే ప్రోటీన్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి హెక్సోజులను కణంలోకి తీసుకునేవి ఎస్‌టీపీలు. రిక్తికలోకి నెట్టేవి టీఎస్‌టీలు. కింద చెప్పేదంతా 2010లో బయటపడిన స్వీట్ కుటుంబం గురించే. మిగతా కుటుంబాలకూ పద్ధతి ఇదే, వెతికే డొమైన్ (ప్రోటీన్‌లో ఆ కుటుంబానికి గుర్తుగా ఉండే భాగం) మాత్రం మారుతుంది.

ఏ జన్యువు, ఏ కణజాలం, రోజులో ఏ వేళ అన్నది ఖాయం చేసుకోకుండా క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పలుకుతోందో, అంటే దాని ఆర్ఎన్ఏ ఎంత తయారవుతోందో కొలిచే పద్ధతి) మొదలుపెడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. అందుకే యంత్రం దగ్గరికి వెళ్లే ముందు పని ఎక్కువ.

జన్యువుల జాబితా

సోల్ జీనోమిక్స్ నెట్‌వర్క్ అనే జన్యు సమాచార వెబ్‌సైటు నుంచి టమాటా ప్రోటీన్ల ఫాస్టా ఫైలు (క్రమాలు రాసి ఉండే ఫైలు) దింపుకోండి. పీఫామ్ అనే డొమైన్ల భాండాగారంలోని పీఎఫ్03083 ప్రొఫైల్‌తో హెచ్‌ఎంఎంసెర్చ్ అనే వెతికే ప్రోగ్రామ్ నడపండి, ఈ-విలువ (అలాంటి పోలిక కాకతాళీయంగా ఎన్నిసార్లు రావచ్చో చెప్పే అంకె) హద్దు 10⁻⁵ పెట్టండి. పరిశోధనల్లో వాడే అరాబిడాప్సిస్ మొక్కలోని 17 స్వీట్ ప్రోటీన్లతో బ్లాస్ట్‌పీ (క్రమాల పోలిక వెతికే ప్రోగ్రామ్) కూడా చేసి, రెండు జాబితాలూ కలపండి. ఒకే జన్యువుకు రెండు మూడు ట్రాన్స్‌క్రిప్టులుంటే (ఆర్ఎన్ఏ రూపాలుంటే) పొడవైనదే ఉంచండి. చివరికి 30కి అటూ ఇటూగా తేలాలి. 50 వచ్చాయంటే ట్రాన్స్‌క్రిప్టులను ఏరివేయడం మరిచినట్టే.

పూర్తి స్వీట్ ప్రోటీన్‌లో ఈ డొమైన్ రెండుసార్లు కనిపిస్తుంది. త్వచాన్ని దాటే హెలిక్సులు 7 ఉంటాయి: మూడు, మధ్యలో ఒకటి, మళ్లీ మూడు. ఒక్క డొమైనే ఉన్నది కనిపిస్తే వెంటనే కొట్టేయకండి. జీన్ మోడల్ (జన్యువు భాగాల హద్దుల అంచనా) తప్పుగా గీసి ఉండొచ్చు. ఆర్ఎన్ఏ-సీక్ రీడ్లను (ఆర్ఎన్ఏ నుంచి చదివిన చిన్న క్రమాలను) ఆ ప్రాంతం మీద పరిచి చూస్తే తప్పిపోయిన ఎక్సాన్ (ఆర్ఎన్ఏలో చివరికి మిగిలే జన్యు భాగం) ఉందో లేదో తెలుస్తుంది.

తర్వాత మాఫ్ట్ ప్రోగ్రామ్‌తో క్రమాలను అలైన్ చేసి, ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌తో 1000 బూట్‌స్ట్రాప్‌ల (కొమ్మల నమ్మకాన్ని పరీక్షించే పునరావృతాల) వంశవృక్షం గీయండి. అరాబిడాప్సిస్ ప్రోటీన్లను అందులో తప్పక కలపాలి, అప్పుడే నాలుగు క్లేడులూ (చెట్టులోని శాఖలూ) విడివడి కనిపిస్తాయి. ఒకటి, రెండు క్లేడుల్లోనివి ఎక్కువగా హెక్సోజులను, మూడో క్లేడులోనివి సుక్రోజ్‌ను మోస్తాయి. నాలుగో క్లేడువి రిక్తిక త్వచం మీద ఉండి ఫ్రక్టోజ్‌ను దాటిస్తాయి. క్లేడు ఒక సూచన మాత్రమే, రుజువు కాదు.

ఇంకో మాట. స్వీట్ల వెనక ఉండే నంబర్లు అన్ని ప్రచురణల్లో ఒకేలా ఉంటాయని అనుకోవద్దు. సోలిక్‌తో (Solyc) మొదలయ్యే గుర్తింపు సంఖ్యను ప్రతి పట్టికలో, ప్రతి ట్యూబు మీదా రాసుకోండి. అందులో మొదటి రెండు అంకెలు క్రోమోజోమ్‌ను చెబుతాయి.

నమూనా కోత

పువ్వు విచ్చుకున్న రోజునే తొడిమకు దారం కట్టి తేదీ రాయండి. పరిమాణం చూసి వయసు అంచనా కడితే ఒకే గుత్తిలోని కాయలు కూడా తికమక పెడతాయి. 10, 20, 30 రోజుల పిందెలు, పూర్తిగా ఎదిగిన పచ్చికాయ, దోర రంగు తిరిగిన రోజు, ఆ తర్వాత 7 రోజులకు ఎర్రపండు: ఈ దశలు సరిపోతాయి. గుత్తికి ఒకే సంఖ్యలో కాయలుంచండి. కాయల సంఖ్య మారితే ఒక్కో కాయకు అందే చక్కెరా మారుతుంది.

కోత అంతా రోజులో ఒకే వేళ, గంటలోపు ముగియాలి. వెలుతురును బట్టి ఆకులో చక్కెర మారుతుంది, దాంతో పాటు జన్యువులు పలికే తీరూ మారుతుంది. ఉదయం కోసిన పచ్చికాయను సాయంత్రం కోసిన పండుతో పోల్చితే మీరు చూసేది దశల తేడానో వేళ తేడానో తేలదు. ఆకులైతే పూర్తిగా విచ్చుకున్నవి వేరు, లేత చిగుళ్లు వేరు. మొదటివి చక్కెర పంపేవి, రెండోవి పుచ్చుకునేవి.

కాయను మొత్తంగా నూరకండి. కండ, మధ్యలోని ప్లాసెంటా, జిగురు, గింజలు విడదీసి, ఒక్కోదాన్ని వెంటనే ద్రవ నత్రజనిలో వేయండి. గింజల్లో మాత్రమే గట్టిగా పలికే జన్యువు, మొత్తం కాయ పొడిలో కలిస్తే పలుచబడి కనిపించకుండా పోతుంది. నిల్వ మైనస్ 80 డిగ్రీల్లో. ఒక్కో దశకు కనీసం మూడు వేర్వేరు మొక్కల గుంపులు కావాలి. ఒకే పొడిని మూడుసార్లు కొలవడం జీవ పునరావృతం అనిపించుకోదు.

ఆర్ఎన్ఏ, ప్రైమర్లు

పండులో చక్కెర, పెక్టిన్ ఎక్కువ. కాలమ్ కిట్లు మూసుకుపోయేది అందుకే. 2 శాతం పీవీపీ (ఫినాల్ మలినాలను పట్టే పాలిమర్) కలిపిన సీటాబ్ బఫర్‌తో (డిటర్జెంట్ ద్రావణంతో) తీసి, లిథియం క్లోరైడ్ చివరికి 2 మోలార్ అయ్యేలా కలిపి, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచితే ఆర్ఎన్ఏ అడుగున చేరుతుంది, పాలీశాకరైడ్లు చాలావరకు పైనే మిగులుతాయి. నూరిన పొడి కరగకముందే బఫర్‌లో పడాలి. కాంతి శోషణలో 260/280 (నానోమీటర్ల) నిష్పత్తి 2.0 దగ్గర ఉండి, 260/230 మాత్రం 1.5 కంటే తక్కువగా ఉంటే మలినాలు మిగిలాయన్నమాట. లిథియం క్లోరైడ్‌తో మళ్లీ అవక్షేపించి 70 శాతం ఇథనాల్‌తో కడగండి. డీఎన్ఏస్ (మిగిలిన డీఎన్ఏను తొలగించే ఎంజైమ్) చర్య చేశాక అన్ని నమూనాల నుంచీ సమానంగా 1 మైక్రోగ్రామ్ తీసుకుని సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏకు డీఎన్ఏ నకలు) చేయండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ (ఆ నకలు చేసే ఎంజైమ్) వేయని ట్యూబు ఒకటి పక్కన తప్పనిసరి.

ప్రైమర్ల (కొలవాల్సిన ముక్క రెండు కొసలనూ పట్టే చిన్న డీఎన్ఏ తునకల) దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అక్కచెల్లెళ్ల లాంటి జన్యువులు కోడింగ్ భాగంలో బాగా పోలి ఉంటాయి కాబట్టి కనీసం ఒక ప్రైమర్‌ను స్టాప్ కోడాన్ తర్వాతి భాగంలో పెట్టండి. ముక్క పొడవు 80 నుంచి 150 బేస్‌లు, కరిగే ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. వీలైతే ఎక్సాన్ల కూడలి మీదుగా వెళ్లాలి. ఆ జంటను మొత్తం ట్రాన్స్‌క్రిప్టుల మీద బ్లాస్ట్ చేసి, పోలిక ఉన్న జన్యువులతో 3 ప్రైమ్ కొస దగ్గర తేడా ఉందో లేదో చూడండి. మెల్ట్ కర్వ్‌లో (వేడి చేస్తూ ముక్క విడిపోవడాన్ని చూపే గీతలో) ఒకే శిఖరం రావడం చాలదు. రెండు దగ్గరి జన్యువుల ముక్కలు ఒకే శిఖరంలో కలిసిపోగలవు. ముక్కను ఒక్కసారి సీక్వెన్స్ చేయించండి, అనుమానం తీరుతుంది.

సీడీఎన్ఏను ఐదు రెట్ల చొప్పున పలుచన చేస్తూ ఐదు మెట్లు నడపండి. సామర్థ్యం (ప్రతి చక్రంలో ముక్కలు పెరిగే మేర, 100 శాతమంటే రెట్టింపు) 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. పోల్చుకోవడానికి రిఫరెన్సు జన్యువుగా యాక్టిన్ ఒక్కదాన్నే నమ్మకండి, కాయ ఎదిగే కొద్దీ అది మారవచ్చు. టమాటాలో సీఏసీ, టీఐపీ41 లాంటివి రెండైనా పెట్టి, మీ నమూనాల్లో అవి నిలకడగా ఉన్నాయో లేదో జీనార్మ్ ప్రోగ్రామ్‌తో చూసుకోండి.

లెక్క ఇలా: పచ్చికాయలో లక్ష్య జన్యువు సీటీ (సంకేతం హద్దు దాటిన చక్రం సంఖ్య) 26, రిఫరెన్సు 20, తేడా 6. దోరకాయలో తేడా 4 అనుకుందాం. రెండు చక్రాలు ముందే వచ్చింది కాబట్టి సామర్థ్యం 100 శాతమైతే 4 రెట్లు. 90 శాతమైతే 1.9 వర్గం, అంటే 3.6 రెట్లే. సామర్థ్యం కొలవకుండా రెట్లు రాయకూడదనేది ఇందుకే.

చక్కెరతో ముడిపెట్టడం

బ్రిక్స్ మీటరు కరిగిన ఘనపదార్థాలన్నిటినీ కలిపి చూపుతుంది, ఆమ్లాలు సహా. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ విడివిడిగా కావాలంటే అదే పొడిని 80 శాతం ఇథనాల్‌లో 80 డిగ్రీల వద్ద తీసి హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) నడపాలి. సాగు టమాటా పండులో సుక్రోజ్ తక్కువ కనిపిస్తే కంగారు పడవద్దు. ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది.

జన్యువు ఎక్కువగా పలికి, చక్కెర కూడా ఎక్కువగా ఉన్నంత మాత్రాన రవాణా రుజువు కాదు. స్వీట్ ప్రోటీన్లు గాఢతను బట్టి రెండు వైపులా పనిచేస్తాయి. అందుకే ఈస్ట్ పరీక్ష. హెక్సోజ్ రవాణాదారులన్నీ తీసేసిన ఈబీవై.వీడబ్ల్యూ4000 అనే ఈస్ట్ స్ట్రెయిన్‌ను మాల్టోజ్ మీద పెంచి, మీ జన్యువు పెట్టాక 2 శాతం గ్లూకోజ్ పళ్లెం మీద పదేసి రెట్ల పలుచనలు చుక్కలుగా వేయండి. 30 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులు చాలు. ఖాళీ ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్ఏ వలయం, ఇక్కడ జన్యువు లేకుండా) ఉన్న చుక్కలు పెరగకూడదు, తెలిసిన రవాణాదారు చుక్కలు పెరగాలి. మీ చుక్క పెరగకపోతే ముందుగా ప్రోటీన్‌కు జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) తగిలించి సూక్ష్మదర్శినిలో చూడండి. అది కణ అంచున కాకుండా రిక్తిక చుట్టూ మెరుస్తుంటే, ఈ పరీక్షలో అది మోయగలదా లేదా అన్నది తేలనే లేదు.