ఎండాకాలం రిసెప్షన్‌లో కేకు కూలిపోకుండా: స్వీట్ల బల్ల పెట్టేముందు చూసుకోవాల్సినవి

వైశాఖం, జ్యేష్ఠంలో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. స్టేజి పక్కన బల్లమీద ఏం పెట్టాలి, నాలుగంతస్తుల కేకా, మిఠాయిల గోపురమా, చాక్లెట్ ఫౌంటెనా అని ఇంట్లో పిల్లలు ఈపాటికి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ ఉంటారు. ఆ ఫొటోలు ఏసీ గదుల్లో తీసినవి. మనవి నరసన్నపేటలోనో, రాజాంలోనో, చీపురుపల్లిలోనో ఫంక్షన్ హాళ్లు, లేదంటే ఇంటి ముందు షామియానా. మే నెలలో రాత్రి ఎనిమిదికి కూడా చొక్కా వీపుకి అతుక్కుపోయే చోట కేకు ఏం నిలబడుతుంది?

మా అప్ప కూతురి రిసెప్షన్‌కి నేనే ఆర్డరిచ్చాను. మూడంతస్తుల కేకు, విశాఖ నుంచి కారులో తెప్పించాం. కార్డు మీద 7 గంటలని ఉంది కదా అని సాయంత్రం అయిదున్నరకే వచ్చేసింది, బల్లమీద పెట్టేశాం. పెళ్లికూతురి మేకప్ అయ్యి, ఫొటోలవాళ్లు గేటు దగ్గర నడిపించి, వెనక్కి పంపి, మళ్లీ నడిపించి, ఇద్దరూ స్టేజి ఎక్కేసరికి తొమ్మిది దాటింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, జనరేటర్ మీద లైట్లూ ఫ్యాన్లే తిరిగాయి గానీ ఏసీ లేదు. మా పెద్దత్త దగ్గరికొచ్చి చూసి "ఏటమ్మా ఇది, కేక్కి చెమట పట్టినాది" అంది. అందరం నవ్వాం. ఇంకో పావుగంటకి పై అంతస్తు పెళ్లికొడుకు వాళ్ల వైపు ఒరిగిపోయింది. ఆ తర్వాత మా ఇళ్లలో ఏ పెళ్లయినా స్వీట్ల బల్ల బాధ్యత నాదే, తిట్లు తిన్నవాళ్లకే పని అప్పజెప్పడం మన వాళ్లకి అలవాటు.

అప్పటినుంచి నేను మొదట అడిగేది కేకు ఎలా ఉండాలని కాదు, ఎన్ని గంటలు బయట నిలబడాలని. కార్డు మీది టైముకి రెండు గంటలు కలిపి లెక్క వేసుకోండి, అదే అసలు టైము. ఆ తర్వాతే క్రీమ్ సంగతి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అంతకంటే ముందే మెత్తబడి జారడం మొదలుపెడుతుంది, కాబట్టి ఏసీ లేనిచోట బటర్‌క్రీమ్ పెట్టి దేవుడి మీద భారం వెయ్యకండి. విప్పింగ్ క్రీమ్ ఇంకా సుకుమారం, దాన్ని నిలబెట్టేది లోపలున్న గాలి బుడగలే, వేడి తగిలితే అవి చితికిపోతాయి. ఫాండెంట్ అని పైన దుప్పటిలా కప్పే చక్కెర ముద్ద ఉంటుంది చూడండి, అది వేడికి కాస్త ఓర్చుకుంటుంది గానీ తేమకి ఓర్చుకోదు. మనది సముద్రం గాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి కేకుని ఉక్కపోతలో పెడితే గాలిలోని తేమ దానిమీద నీటి బొట్లలా పేరుకుంటుంది, రంగులు కారతాయి, మా పెద్దత్త చూసిన చెమట అదే.

అందం పోతే పోయింది, కడుపు సంగతి చూడాలి. క్రీమ్, కోవా, పనీర్‌తో చేసినవి ఏవైనా సరే బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, చుట్టూ 32 డిగ్రీలు దాటితే గంటే. దీంట్లో మొహమాటం పనికిరాదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు బరంపురం నుంచి రసగుల్లాలూ చెనా పోడా తెప్పించి గుట్టలా పేర్చాలని చూస్తారు, రుచికి వంక పెట్టలేం గానీ అది విరిగిన పాల సరుకు, గోపురం కట్టి గంటలకొద్దీ బయట ఉంచేది కాదు. లోపల చల్లగా ఉంచి కొంచెం కొంచెంగా బయటికి తెండి.

నన్నడిగితే ఎండాకాలానికి మధ్యలో పొడి మిఠాయిల గోపురమే మేలు. పలాస జీడిపప్పు మన శ్రీకాకుళం జిల్లాదే, దాంతో చేసిన జీడిపప్పు పాకం అచ్చులు అంతస్తులుగా పేర్చితే ఫొటోలో కేక్కి ఏమాత్రం తీసిపోవు. దాంతోపాటు మాడుగుల హల్వా, మడత కాజాలు, సారెకి ఎలాగూ చేయించే అరిసెలు, లడ్డూలు. అయితే వీటికీ ఒక తిప్పలుంది, ఉక్కకి పాకం జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి, అందుకని ప్రతిదాన్నీ చిన్న కాగితపు గిన్నెలో పెట్టించండి, ఆఖరి అరగంటలోనే పేర్చండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు చూడ్డానికి పట్టుబట్టలా ఉంటాయి గానీ తడిగాలికి మెత్తబడి తడిసిన కాగితం అయిపోతాయి, మూత డబ్బాలోంచి నేరుగా చేతికి ఇవ్వడమే. జీడిపప్పు పడనివాళ్లు ఉంటారు, బల్లమీద పేరు చీటీలు పెట్టండి. కేకు గుడ్డు లేనిదా, ఉన్నదా అన్నదీ రాయండి, పెద్దవాళ్లు నోట్లో పెట్టుకున్నాక అడుగుతారు మరి.

పిల్లలు కేకే కావాలంటే గొడవ పడొద్దు, కింది అంతస్తులు థర్మాకోల్‌వి పెట్టించి పైన ఒక్క కిలో నిజం కేకు కోయించండి. అయిదారు వందలమందికి కేకు పంచుదామనుకోవడం ఎలాగూ జరగని పని, ముక్కకి 70 గ్రాములనుకున్నా 5 కిలోల్లో 70 ముక్కలే వస్తాయి. మిగతాది విందులో స్వీటు చూసుకుంటుంది. ఎవరికీ తేడా తెలియదు, నేను నాలుగు పెళ్లిళ్లలో చేశాను, ఒక్క బాబాయి మాత్రం కింది అంతస్తులో చెంచా గుచ్చి చూశాడు.

ఇక ప్రయాణం. విశాఖ నుంచి శ్రీకాకుళం వందకి పైగా కిలోమీటర్లు, హైవే బాగానే ఉంటుంది, అసలు బాధ హైవే దిగి ఊళ్లోకి వచ్చాక స్పీడ్ బ్రేకర్ల దగ్గర. అంతస్తులు విడివిడిగా, పెట్టెల్లో, కారు డిక్కీలో సమంగా ఉన్నచోట పెట్టి తెచ్చి, హాల్లోనే పేర్చమనండి. సీటు మీద పెట్టొద్దు, అది వెనక్కి వాలి ఉంటుంది. ఏసీ వేసి ఉంచాలి, వెనక సీట్లో పిల్లలు చలి అన్నా సరే. అంతస్తుల మధ్య ఆధారంగా గుచ్చే గొట్టాలు ఎన్నో లెక్కపెట్టుకుని, కోసేటప్పుడు అన్నీ తీసేశారో లేదో చూడండి.

అలంకరణ దగ్గరే ఎక్కువ ప్రమాదాలు. పూలు గుచ్చాలనుకుంటే గన్నేరు జోలికి పోవద్దు, ఆ చెట్టు నిలువెల్లా విషం, గులాబీ రంగులో ఉంది కదా అని డెకరేషన్ కుర్రాడు పెరట్లోంచి కోసుకొచ్చి పెడుతుంటే నేనే ఆపాను. గులాబీలైనా మందు కొట్టినవి ఉంటాయి, కాడలకి ప్లాస్టిక్ చుట్టకుండా కేకులో దింపొద్దు. మిఠాయి మీద వెండి రేకు వేయిస్తే, జంతువుల చర్మం లాంటివి వాడకుండా చేసిందేనా అని అడగండి, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ నిబంధన 2016లో పెట్టింది. వెండికి బదులు అల్యూమినియం రేకు అంటించే వాళ్లూ లేకపోలేదు, కాబట్టి ఆ సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉన్నచోటే కొనండి.

కేకు పక్కన చిమ్మే మతాబులు, నురగ స్ప్రే రెండూ ఒకచోట ఉండకూడదు. ఆ నురగ డబ్బాల్లో మండే గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ పడితే పెళ్లికూతురి జుట్టు దాకా వస్తుంది. పొగ కోసం పెట్టే డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు, 2024లో గురుగ్రామ్ రెస్టారెంట్‌లో నోటి శుద్ధికని ఇచ్చిన డ్రై ఐస్ తిని కొందరు రక్తం కక్కుకున్నారు. బల్లకింద పొగ కావాలంటే పిల్లలకి అందనిచోట, గాలి ఆడేచోట, చేతికి తొడుగు ఉన్న మనిషిని పెట్టండి. పొగ వచ్చే బిస్కెట్లు, పొగ పాన్ మాత్రం వద్దే వద్దు. చాక్లెట్ ఫౌంటెన్ గురించి ఎక్కువ చెప్పను, గంటలో అందులో పురుగులూ, పిల్లల వేళ్లూ ఉంటాయి.

కార్తీకం, మార్గశిరంలో పెళ్లయితే వేడి బాధ తగ్గుతుంది గానీ తుపాను భయం ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ నెలల్లో ఫ్రిజ్ మీద ఆధారపడేదేదీ పెట్టుకోవద్దు, జనరేటర్‌కి ఫ్రిజ్ కలిపారా, ఏసీ కలిపారా అని హాలువాళ్లని ముందే నోటితో కాదు, కాగితం మీద అడగండి.

చీమలకి పాత పద్ధతే, బల్ల కాళ్లు నీళ్ల పళ్లేల్లో పెట్టండి. వీడియోవాళ్ల ఫోకస్ లైటు కేకు మీద కాకుండా గోడ మీద కొట్టమనండి, ఆ లైటు కింద చెయ్యి పెడితే ఎంత వేడో మీకే తెలుస్తుంది.

ఆర్డరిచ్చేటప్పుడు బరువు, గుడ్డు ఉందా లేదా, ఎన్నింటికి తెస్తారు, ఎవరు పేరుస్తారు, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. స్టాండుకి డిపాజిట్ అడుగుతారు, ఇచ్చేముందు ఫొటో తీసుకోండి. మా స్టాండు మూడు రోజుల తర్వాత వంటపాత్రల్లో దొరికింది, కేటరింగ్ వాళ్లు దాని మీద కూర గిన్నె పెట్టారు.