నల్లగొండ ఎండకు తగిన సెంటు: తక్కువ ధరలో మగవారు నిత్యం వాడుకోదగినది ఎంచుకునే పద్ధతి

సెంటు కొనడానికి వెళ్ళినవారిలో చాలామంది దుకాణంలో మూత తీసి ఒక్కసారి వాసన చూసి, నచ్చితే అక్కడికక్కడే డబ్బు చెల్లించి వచ్చేస్తారు. ఆ క్షణంలో ముక్కుకు ముందుగా తగిలేవి నిమ్మ, నారింజ వంటి తేలికపాటి నూనెలు. అవి పావుగంట, ఇరవై నిమిషాలలో ఆవిరైపోతాయి. ఆ తరువాత సాయంత్రం వరకు మన ఒంటిమీద ఉండే వాసన వేరు. కాబట్టి సీసా మూత దగ్గర కాక, మన చర్మం మీద, మన ఎండలో, కనీసం ఐదారు గంటలు గడిచాక వచ్చే వాసనను బట్టే నిర్ణయించుకోవాలి.

ఈ సంగతి నాకు కొంత బాధతోనే తెలిసింది. ఒక డిసెంబరులో వనిలా తీపి గల సెంటు ఒకటి తొమ్మిది వందల రూపాయలకు కొన్నాను. చలికాలమంతా హాయిగానే ఉంది. మే నెలలో, కిక్కిరిసిన మిర్యాలగూడ బస్సులో, నా పక్కన కూర్చున్న పెద్దాయన కొంతసేపు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, చివరకు లేచి వెళ్ళి వెనుక నిలబడ్డారు. వేడికి చర్మం మీది సెంటు త్వరత్వరగా ఆవిరవుతుంది కనుక, చలిలో మెత్తగా అనిపించిన తీపి వాసనే 45 డిగ్రీల ఎండలో పక్కవారికి తల తిప్పేంత ఘాటుగా మారుతుంది. అందువల్ల నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఏడాది పొడవునా వాడుకోవాలనుకునేవారు వట్టివేళ్ళు, గంధం, దేవదారు, లావెండర్ వంటి వాసనల వైపు వెళ్ళడం మేలని నా అభిప్రాయం. ఎండాకాలంలో కూలరుకు కట్టిన వట్టివేళ్ళ తడికె తడిసినప్పుడు ఇల్లంతా పరచుకునే ఆ చల్లని మట్టివాసన ఎవరినీ ఇబ్బంది పెట్టదు; పైగా అది చర్మాన్ని అంత త్వరగా విడిచిపోయే రకం కాదు. నిమ్మజాతి వాసనలు కూడా ఎండకు బాగుంటాయి గానీ, అవి మధ్యాహ్నం దాకా నిలుస్తాయని ఆశించకూడదు.

ధర చూసే ముందు సీసా మీద ఏమి రాసి ఉందో చూడాలి. ఓ డ పర్ఫ్యూమ్, అంటే ఇ.డి.పి. అని ఉంటే అందులో సుగంధ ద్రవ్యం సాధారణంగా 15 నుండి 20 శాతం వరకు ఉంటుంది. ఓ డ టాయ్‌లెట్, అంటే ఇ.డి.టి. అని ఉంటే 5 నుండి 15 శాతం, కొలోన్ అయితే 2 నుండి 4 శాతం. డియోడరెంట్ డబ్బాలో సుగంధ ద్రవ్యం మరీ స్వల్పం; గ్యాసుతో పనిచేసే డబ్బాలలో ఆ గ్యాసే పెద్ద భాగాన్ని ఆక్రమిస్తుంది. డబ్బా పెద్దదిగా, ధర తక్కువగా కనిపించినా, రోజుకు రెండుసార్లు ఒళ్ళంతా కొట్టుకుంటే నెల తిరగకుండానే అయిపోతుంది. సెంటు సీసా లెక్క వేరు. ఒక్కో నొక్కుకు సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుందనుకుంటే, 50 మిల్లీలీటర్ల సీసాలో 500 నొక్కులుంటాయి. రోజుకు నాలుగు చొప్పున నాలుగు నెలలు వస్తుంది. ఆరు వందల రూపాయల సీసా అయితే రోజుకు ఐదు రూపాయలు కూడా పడదు. ఐదు వందల నుండి వెయ్యి రూపాయల మధ్య మన దేశపు కంపెనీల ఇ.డి.పి.లు తగినన్ని దొరుకుతున్నాయి కనుక, నిత్యం వాడుకోవడానికి అంతకు మించి ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఇంకా తక్కువలో కావాలంటే అత్తరు ఉంది. హైదరాబాదుకు పనిమీద వెళ్ళినప్పుడు చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలలో తులం, అర తులం, పావు తులం లెక్కన, అంటే దాదాపు 12, 6, 3 మిల్లీలీటర్ల సీసాలలో కొనుక్కోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పూలను రాగి పాత్రలలో ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి తీసే అసలైన గులాబీ అత్తరు చాలా ఖరీదైనది. వంద రూపాయలకు ఇచ్చేది అది కాదని, వాసన లేని నూనెలో కలిపిన కృత్రిమ పరిమళమని తెలిసే కొనాలి. తెలిసి కొంటే అందులో మోసపోయేదేమీ లేదు. అత్తరులో ఆల్కహాల్ ఉండదు కనుక గదంతా వ్యాపించక ఒంటికి దగ్గరగానే ఉంటుంది. కార్యాలయంలో, తరగతి గదిలో పనిచేసేవారికి ఇది ఎంతో అనుకూలం. ఖస్ అని అడిగితే వట్టివేళ్ళ అత్తరే ఇస్తారు.

పరీక్షించడానికి ఏ సెంటూ పూసుకోకుండా ఉదయాన్నే దుకాణానికి వెళ్ళాలి. ఒక మణికట్టు మీద ఒకటి, రెండవదాని మీద ఇంకొకటి, అంతే. మూడవది పూసుకుంటే ముక్కు తేడా పట్టలేదు. కొనకుండా బయటికి వచ్చి, ఎండలో తిరిగి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోవాలి. అప్పుడు మన ముక్కును మాత్రమే నమ్మకూడదు. కొంతసేపటికి మన వాసన మనకు తెలియకుండా పోతుంది. అది పోయిందనుకుని మళ్ళీ మళ్ళీ కొట్టుకోవడం వల్లనే బస్సులో పక్కవారు బాధపడతారు. ఇంట్లోవారిని అడగడం సరైన పద్ధతి. చర్మం ఎర్రబడినా, దురద పెట్టినా ఆ రకాన్ని వదిలేయాలి.

పేరున్న విదేశీ సీసా మూడు వందలకే ఇస్తున్నారంటే అది నకిలీదే. ఫస్ట్ కాపీ అన్న మాటకు లొంగవద్దు. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గరిష్ఠ చిల్లర ధర లేని సీసాను ఒంటిమీద వాడకూడదు.

స్నానం చేసి తుడుచుకున్నాక, చర్మం పొడిబారి ఉంటే కొబ్బరినూనె చుక్క రాసుకుని, మెడకు రెండు పక్కలా, ఛాతీ మీద ఒకటి కొట్టుకుంటే చాలు. చెమట మీద కొడితే రెండు వాసనలూ కలిసిపోతాయి. అత్తరును తెల్లచొక్కాకు అంటనివ్వకూడదు, మరక పడుతుంది. సీసాను బండి డిక్కీలోనో, కిటికీ దగ్గరో పెడితే వేడికి, వెలుతురుకు సెంటు పాడవుతుంది. అట్టపెట్టెతో సహా బీరువాలో, బట్టల కింద పెట్టుకోవాలి.