గన్‌స్మోక్ 635 ఎపిసోడ్లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి వదిలేయాలి

అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో 1955 సెప్టెంబరు 10న మొదలైన వెస్టర్న్ (కౌబాయ్ కాలపు కథల) టీవీ సిరీస్ గన్‌స్మోక్, 1975 మార్చి 31 దాకా 20 సీజన్లు నడిచింది. 635 ఎపిసోడ్లూ చూడాలంటే 400 గంటల పైమాటే. వరుసగా చూసే పని పెట్టుకోకండి. మధ్యలో విసుగు పుట్టి, బాగున్నవి కూడా వదిలేస్తారు.

ముందుగా సిరీస్‌ని మూడు భాగాలు చేసుకోండి. 1 నుంచి 6 సీజన్లవి అరగంట ఎపిసోడ్లు, బ్లాక్ అండ్ వైట్, మొత్తం 233. 7 నుంచి 11 వరకు గంట ఎపిసోడ్లు, అవీ బ్లాక్ అండ్ వైటే, 176. 12 నుంచి చివరిదాకా కలర్, 226. పేరు ఒకటే గానీ ఇవి దాదాపు మూడు వేర్వేరు సిరీస్‌లు. కలర్ కదా అని 12వ సీజన్‌తో మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువగా నిరాశపడతారు. అరగంట ఎపిసోడ్లు కొన్నిచోట్ల ‘మార్షల్ డిలన్’ పేరుతో కనిపిస్తాయి, అవీ ఇవే.

టీవీలో పిక్చర్ సైజు 4:3 (పాత టీవీల వెడల్పు-ఎత్తు కొలత) పెట్టండి, కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. డాడ్జ్ సిటీ అనే ఊరికి మార్షల్ (శాంతిభద్రతల అధికారి) అయిన మ్యాట్ డిలన్‌గా వేసిన జేమ్స్ ఆర్నెస్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. ఆయన మీకు లావుగా, పొట్టిగా కనబడుతున్నాడంటే తప్పు టీవీదే. నిడివి కూడా చూసుకోండి: అరగంట ఎపిసోడ్ 26 నిమిషాల దగ్గర, గంటది 50 దగ్గర ఉండాలి. 22, 45 నిమిషాలకు తగ్గిందంటే ప్రకటనల కోసం కోసిన కాపీ. ఈ సిరీస్‌లో మాటల మధ్య మౌనానికి విలువుంది, కోతలో ముందు పోయేది అదే.

మొదటి ఎపిసోడ్‌తోనే మొదలుపెట్టండి. వెస్టర్న్ సినిమాల హీరో జాన్ వేన్ వచ్చి పరిచయం చేసి వెళ్తాడు. డాన్ గ్రాట్ అనేవాడు మార్షల్ కంటే వేగంగా తుపాకీ తీసి, అతణ్ణి కాల్చి పడేస్తాడు. కొత్త సిరీస్ మొదటి కథలోనే హీరో ఓడిపోయాడన్నమాట! కోలుకున్నాక మ్యాట్‌కి విషయం తట్టింది: గ్రాట్ చెయ్యి వేగమేగానీ గురి లేదు, అందుకే ప్రతిసారీ బాగా దగ్గరికొచ్చి కాలుస్తాడు. రెండోసారి మ్యాట్ అతణ్ణి దగ్గరికి రానివ్వడు. వేగం కంటే గమనింపు గెలిచే ఈ ఎత్తుగడ మీకు నచ్చితే అరగంట ఎపిసోడ్లన్నీ మీకోసమే. నచ్చకపోతే మరో నాలుగు చూసి ఆపేయండి.

అరగంట వాటి బలం కుదింపు. వీటిలో చాలా కథలు ఇదే పేరుతో 1952లో మొదలైన రేడియో నాటకం నుంచి వచ్చాయి, ఎక్కువ భాగం జాన్ మెస్టన్ రాసినవే. పిల్లకథలు ఉండవు, ఉపదేశం ఉండదు. చాలాసార్లు మార్షల్ వెళ్ళేసరికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అయితే ఒక్కసారి రెండుకు మించి చూడకండి. ఊళ్ళోకి అపరిచితుడు రావడం, సెలూన్లో (అంటే మద్యం దుకాణంలో) గొడవ, వీధిలో కాల్పులు... మూడోదానికే అచ్చు తెలిసిపోతుంది. మొదటి మూడు సీజన్లలో తలా పది చాలు.

గంట ఎపిసోడ్లకు మారాక (1961) అదే కథను సాగదీసిన గుర్తులు కనిపిస్తాయి. ఇక్కడ కథ కంటే మనుషుల కోసం చూడాలి. కుంటికాలుతో నడిచే, మ్యాట్ సహాయకుడు చెస్టర్ (డెనిస్ వీవర్) 1964లో వెళ్ళిపోయాడు, ఆ లోటు ఫెస్టస్ (కెన్ కర్టిస్) భర్తీ చేశాడు. చెస్టర్ మీద ఇష్టం పెరిగినవాళ్ళకి ఫెస్టస్ అరుపులు మొదట్లో చిరాకు తెప్పిస్తాయి. ఊరి డాక్టర్ డాక్ ఆడమ్స్‌తో (మిల్బర్న్ స్టోన్) అతని కీచులాటలు నాలుగైదు చూస్తే అలవాటవుతాయి.

కలర్ భాగంలో ఏరుకోవడం తప్పనిసరి. 1960ల చివర్లో హింస తగ్గించమన్న ఒత్తిడితో టైటిల్స్‌లో కాల్పుల పోటీ పోయి గుర్రపు స్వారీ వచ్చింది. కథ అతిథి నటుల చేతికి వెళ్ళి, కొన్నిట్లో మ్యాట్ రెండు సన్నివేశాలకే పరిమితం. మొదటి పావుగంటలో అతను కనబడకపోతే, అతిథి నటన బాగుంటేనే కొనసాగించండి. 17వ సీజన్లో మ్యాట్ వెన్నులో తూటా దిగిన మూడు భాగాల కథ మాత్రం వదలకండి. ఆపరేషన్ చేయడానికి డాక్ భయపడటం, రైల్లో డెన్వర్ ప్రయాణం, దారిలో దొంగలు: సాగదీతలా కాక నిజంగా మూడు గంటలు పట్టే కథ అది.

కొన్ని లోపాలు ఏ సీజన్లోనైనా ఉంటాయి. ఆదివాసీ పాత్రలు చాలాచోట్ల తెల్లనటులే వేశారు, ఆ పాత్రలకి లోతూ తక్కువే. కాన్సస్ మైదానాల్లో ఉండాల్సిన డాడ్జ్ సిటీ చుట్టూ కాలిఫోర్నియా కొండలు కనిపిస్తాయి, దాన్ని పట్టించుకోకండి. మ్యాట్‌కీ, సెలూన్ నడిపే కిట్టీకీ (అమాండా బ్లేక్) మధ్య బంధం 19 సీజన్లు ఉన్నచోటే ఉండిపోవడం మాత్రం రచయితల పిరికితనం. ఆ తర్వాత ఆమె సిరీస్‌లో లేదు, సరైన వీడ్కోలు సన్నివేశమూ లేదు.

20వ సీజన్ చివరి ఎపిసోడ్‌లో ముగింపు వెతకకండి. అది మామూలు వారపు కథ. మ్యాట్, కిట్టీలను మళ్ళీ కలిపి చూడాలంటే 1987లో వచ్చిన టీవీ సినిమా ఉంది.